వనభోజన ధర్మము

కార్తికమాసము వచ్చినంతనే తెలుగునాట జనులు కొండలకును తోటలకును బయలుదేరుదురు. పూర్వము కుటుంబములు, బంధువర్గములు మాత్రమే వెళ్ళెడివి. నేడు పట్టణములందలి ఉదయపు నడక సంఘములవారు కూడ, ఏడాది పొడుగున సాగించిన నడకకు ముగింపుగా, సమీపమునందలి కొండ నెక్కి ఉసిరిచెట్టు నీడన భుజించుచున్నారు. ఇది మంచి ఆచారము. దీనిని వట్టి విహారముగా భావింపక, ఇందలి ధర్మ మెట్టిదో విచారింతము.

వనభోజన మనగానే వైష్ణవులకు శ్రీమద్భాగవత దశమస్కంధకథ స్ఫురించును. ఒకనాటి వేకువను శ్రీకృష్ణుడు అడవిలో భుజింపవలెనని తలచి, కొమ్మునూది గోపబాలురను మేల్కొలిపెను. వారు చల్దులు కట్టుకొని, దూడలను తోలుకొని వెడలిరి. త్రోవలో అఘాసురవధ జరిగినది. పిమ్మట యమునాతీరపు ఇసుకతిన్నెపై స్వామి నడుమ కూర్చుండగా, తామరదుద్దు చుట్టును రేకులవలె బాలురు కూర్చుండిరి. కొందరికి ఆకులు, కొందరికి పూలు, కొందరికి రాళ్ళే కంచములు. ఎవరి చల్ది రుచిని వారు ఇతరులకు చూపుచు, నవ్వుచు, నవ్వించుచు భుజించిరి. యజ్ఞభోక్తయైన పరమాత్మ ఎడమచేత పెరుగన్నపు ముద్ద నుంచుకొని వారిలో నొకడై యుండెను.

ఇంతవరకు అందరు నెరిగినదే. తరువాతి భాగమును శ్రద్ధగా గమనింపవలెను. దూడలు పచ్చికకై దూరముగా పోయినవి. బాలురు కలవరపడగా, స్వామి వారిని లేవవలదని వారించి, చేతిముద్దతోనే కొండగుహలను, పొదలను వెదకుచు పోయెను. బ్రహ్మదేవుడు దూడలను, బాలురను దాచుటయు, స్వామి ఏడాదిపాటు ఆ రూపములన్నియు తానే యగుటయు ప్రసిద్ధము. తుదకు స్వామి మరలి వచ్చినపుడు బాలురకు అరక్షణమే గడచినట్లు తోచెను. ఆయన లేక తా మొక్క కబళమైనను తినలేదని వారు పలికిరి.

ఇందు రెండు ధర్మములు గలవు. తప్పిపోయినవారికై పెద్దవాడు పంక్తి విడిచి లేచుట మొదటిది. ఆయన వచ్చువరకు తక్కినవారు ముద్ద ముట్టకుండుట రెండవది. ఈ రెండును లేనిచో అది అడవిలో తిన్న అన్నమే గాని వనభోజనము కాజాలదు.

ఉసిరికకు సంస్కృతమున ధాత్రి యని పేరు. అమరకోశము నానార్థవర్గమున ఈ పదమునకు ఉపమాత, భూమి, ఉసిరిక యను మూడర్థములు చెప్పబడినవి. ఉసిరినీడన కూర్చుండుట దాది యొడిని కూర్చుండుట వంటిది. దాది బలహీనుడైన బిడ్డను మరచి తక్కినవారికి పెట్టునా? తిరుమలయందును కార్తికమున వనభోజనోత్సవము జరుపుట కలదు. ఉభయనాంచారులతో శ్రీమలయప్పస్వామి పార్వేట మండపమునకు వేంచేయును. స్వామియే భక్తుల పంక్తికడకు వచ్చుచుండగా, మనము తోడివారిని విడిచిపెట్టుట తగునా?

కొండనడకకును ఇదే నియమము. తిరుమలకు అలిపిరి మార్గమున సుమారు 9 కిలోమీటర్ల దూరము, 3,550 మెట్లు గలవు. శ్రీవారిమెట్టు మార్గము పొట్టిదైనను 2,388 మెట్లు ఎక్కవలెను. మోకాళ్ళపర్వతము కడ భగవద్రామానుజులు శేషాద్రిని పాదములతో త్రొక్కుటకు వెరచి మోకాళ్ళపై నెక్కిరని పెద్దలు చెప్పుదురు. అట్టిచోట ఎవరు ముందు చేరుదురను పంతము తగదు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గమున ఒక చిన్నారి చిరుతపులి వాతబడిన దుఃఖమును మన మెరుగుదుము. పిమ్మట యాత్రికులు గుంపులుగా నడవవలెనని దేవస్థానమువారు సూచించిరి. ఏ కొండపైనైనను గుంపు వేగమును చివరివాని అడుగే నిర్ణయింపవలెను.

కావున నడక సంఘముల పెద్దలు బయలుదేరునపుడును, విస్తళ్ళు వేయునపుడును జనులను లెక్కింపవలెను. దృఢకాయు డొకడు అందరికంటె వెనుక నడువవలెను. మోకాళ్ళ నొప్పులచే ఎక్కలేని వృద్ధులను ఇంటికడ విడువక, వారు చేరగలచోటనే వంట ఏర్పాటు చేయుట ఉత్తమము. పులిహోరను, దద్ధ్యోదనమును స్వామికి నివేదించిన పిదప, వండినవారిని, బండి తోలినవారిని కూడ పంక్తిలో కూర్చుండబెట్టవలెను. ఆకువిస్తళ్ళనే వాడి, కొండపై ప్లాస్టిక్కు విడువకుండవలెను.

అందరు చేరిరా యని చూచి గోవిందనామము పలికి, పిదపనే తొలిముద్ద నెత్తుదము గాక! దూడలకై చేతిముద్దతో లేచిన ఆ వేంకటాచలపతి మన పంక్తి నడుమ వేంచేసి యుండుగాక!