నీరసం, పొడి దగ్గు కలిసి వస్తే అశ్రద్ధ చేయవద్దు

కువైట్‌లో పనిచేస్తున్న తెలుగువారికి సూచన.

ఎండలో డ్యూటీ చేసి వస్తే ఒళ్ళు నొప్పులు మామూలే. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గుతాయి. అలా తగ్గక, వారాల తరబడి నీరసం పెరుగుతూ, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోయినా, తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవకపోయినా అది కండరాల వాపు జబ్బు కావచ్చు. డాక్టర్లు దీనిని మయోసైటిస్ అంటారు. రోగాలతో పోరాడవలసిన మన ఒంటి శక్తే దారితప్పి సొంత కండరాలను దెబ్బతీస్తుంది. కొందరిలో ఊపిరితిత్తులను కూడా పట్టుకుంటుంది. అప్పుడు కఫం లేని దగ్గు, నడిస్తే ఆయాసం వస్తాయి. దగ్గు ముందు వచ్చి నీరసం తర్వాత రావడమూ ఉంది.

చేతులు కూడా చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు పక్కల చర్మం గరుకెక్కి పగులుతుంది. డాక్టర్లు వీటికి 'మెకానిక్ చేతులు' అనే పేరు పెట్టారు. సిమెంటు పనివారు, గ్యారేజీ పనివారు ఇది పని వల్లేనని వదిలేసే ప్రమాదం ఉంది.

దగ్గు అంటే టీబీ అని ఇంటికి పంపేస్తారేమోనని దాచిపెట్టకండి. ఈ జబ్బు రూములో ఎవరికీ అంటదు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు గట్టిపడతాయి, అలా పాడైన భాగం మళ్ళీ బాగుపడదు. టీబీయా, ఇదా అన్నది పరీక్షలే తేల్చాలి.

బతాకా తీసుకొని మీ ఏరియా క్లినిక్‌కు వెళ్ళండి. నీరసం, దగ్గు రెండూ ఒకే డాక్టరుకు చెప్పండి. సి.కె. అనే రక్తపరీక్ష, ఛాతీ సి.టి. స్కాన్ అవసరం కావచ్చు. బరువులు మోసినా, కండకు ఇంజెక్షన్ వేయించుకున్నా సి.కె. పెరుగుతుంది కనుక ఆ సంగతి కూడా చెప్పండి. ఎస్.జి.పి.టి. ఎక్కువ వచ్చిందని కామెర్లనుకొని ఊరి నుంచి పసరు మందు తెప్పించుకోవద్దు. దెబ్బతిన్న కండరాల వల్ల కూడా అది పెరుగుతుంది.

చికిత్సలో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడాలి, తోడుగా వేరే మందులూ ఇస్తారు. ఒంట్లో బాగుందని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. షుగరు, బి.పి. చూపించుకుంటూ ఉండండి. సిగరెట్ మానండి. దుమ్ము లేని పని ఇమ్మని డాక్టరు చేత రాయించుకోండి.

కూర్చున్నా ఆయాసం వచ్చినా, మంచినీళ్ళు గొంతులో దిగకపోయినా 112కు ఫోన్ చేయండి.

కంపెనీ ఆసుపత్రికి పంపకపోతే రాయబార కార్యాలయంలోని సంక్షేమ విభాగానికి తెలియజేయండి. ఇండియాకు వెళ్ళవలసి వస్తే రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది.