చిన్న దుకాణం – గూగుల్ వెతుకులాట: ఒక పరిశీలన

మంగళగిరిలో మా బాబాయికి చిన్న చేనేత బట్టల దుకాణం ఉంది. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు కొండ దిగి రెండు చీరలు కొనుక్కుపోవడం, పెళ్లిళ్ల రోజుల్లో గుంటూరు, విజయవాడల నుంచి తెలిసినవాళ్లు రావడం – ఇదీ బేరం. ఆయన్ని నమ్ముకుని ఆరు మగ్గాలు ఆడుతున్నాయి. రెండేళ్ల క్రితం ఒక సంస్థ వారొచ్చి, "నలభై వేలిస్తే వెబ్‌సైటు తయారుచేసి, మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతాం, గ్యారంటీ" అన్నారట. బాబాయి నూలు కొనడానికి దాచిన డబ్బులోంచి తీసి ఇచ్చారు. ఏడాది గడిచింది. దుకాణం పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టినా సైటు కనిపించలేదు. "ఒరే అబ్బాయ్, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు గదా, ఇదేమిటో వచ్చి చూడు" అని ఫోన్ చేశారు. సెలవుల్లో వెళ్లి చూశాను. అప్పుడు నేర్చుకున్నదే ఈ వ్యాసం. మన కాలేజీలో చాలామంది ఇళ్లల్లో ఏదో ఒక చిన్న వ్యాపారం ఉంటుంది కనుక, కంప్యూటర్ సైన్సు వారికన్నా తెలుగు, హిస్టరీ, కామర్సు మిత్రులకే ఇది ఎక్కువ పనికొస్తుందని నా ఆశ.

ముందుగా సెర్చ్ ఇంజను ఎలా పనిచేస్తుందో చూద్దాం. మనం ఒక మాట కొట్టగానే అది అప్పటికప్పుడు లోకమంతా గాలిస్తుందనుకోవడం పొరపాటు. దాని తరఫున ఒక ప్రోగ్రాము లింకు వెంట లింకు పట్టుకుని పేజీలన్నీ ముందే చదువుకుంటూ పోతుంది. చదివినవాటితో పాఠ్యపుస్తకం చివర ఉండే పదసూచిక లాంటి పెద్ద సూచిక తయారవుతుంది. మనం అడిగినప్పుడు ఆ సూచికలోంచి తీసి, ఏది ముందు ఏది వెనుక అని వరుస పేరుస్తుంది. ఈ వరుస పేర్చడంలోనే 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక కొత్త ఆలోచన ప్రవేశపెట్టారు. ఒక పరిశోధనా పత్రాన్ని ఎంతమంది ఉదహరించారో చూసి దాని విలువ కడతాం గదా. అలాగే ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇచ్చాయో, ఆ ఇచ్చినవాటి పరపతి ఎంతో లెక్కకట్టారు. దానికే పేజ్‌ర్యాంక్ అని పేరు. ఇవాళ అదొక్కటే కాదు, ఇంకా ఎన్నో అంశాలు లెక్కలోకి వస్తున్నాయి.

లింకులకు విలువ ఉందనగానే లింకుల వ్యాపారం మొదలైంది. డబ్బులిచ్చి వందలకొద్దీ లింకులు వేయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఇలాంటివాటిని పట్టుకోవడానికే 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చారు. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ వారే తమ సలహాల్లో రాసుకున్నారు. ప్రకటనల సంగతి వేరు. వాటికి డబ్బు కడితే 'స్పాన్సర్డ్' అన్న గుర్తుతో పైన కనబడతాయి. కట్టడం ఆపిన నాడు అవీ ఆగిపోతాయి. ప్రకటనలిచ్చినంత మాత్రాన మామూలు వరుసలో మన స్థానం అంగుళం కూడా పైకి జరగదు.

సరే, బాబాయి సైటు దగ్గరకొద్దాం. గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మన సైటు అడ్రసు కొడితే, సూచికలో మన పేజీలు ఉన్నదీ లేనిదీ సుమారుగా తెలుస్తుంది. బాబాయివి ఒక్కటీ లేవు! పేజీ పైభాగంలో 'నోఇండెక్స్' అన్న ఆజ్ఞ ఉంది – అంటే "దీన్ని సూచికలో చేర్చవద్దు" అని. సైటు తయారవుతున్న రోజుల్లో సగం పని బయటపడకుండా అది పెట్టడం మామూలే. తయారయ్యాక తీయడం మరిచారు. ఒక్క లైను! సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ వారి ఉచిత సాధనంలో సైటు నమోదు చేసి చూస్తే ఇది మొదటి రోజే బయటపడేది. ఆ లైను తీసేసి, మళ్లీ చదవమని అందులోనే విన్నపం పెట్టాను. రెండు వారాల్లో దుకాణం పేరు కొడితే సైటు వచ్చింది.

పేరు తెలిసినవాళ్లకి వచ్చింది. తెలియనివాళ్ల మాటేమిటి? చీరల వివరాలన్నీ పోస్టర్ల రూపంలో, బొమ్మల లోపలి అక్షరాలుగా ఉన్నాయి. బొమ్మ లోపలి అక్షరాల మీద ఆధారపడవద్దని, ముఖ్యమైన మాట మామూలు అక్షరాల్లో ఉండాలని నియమం. పైపెచ్చు రెండు వందల 'కీవర్డ్స్' వెనకాల దాచి పెట్టారు. ఆ కీవర్డ్స్ ట్యాగును లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఇక్కడే బాబాయి నాకు పాఠం చెప్పారు. ఏం రాయాలని నేను తల పట్టుకుంటే, "గల్లాపెట్టె దగ్గర కూర్చో, వచ్చినవాళ్లు ఏమడుగుతారో రాసుకో" అన్నారు. వంద పేజీల నోటుబుక్కు పట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. రంగు దిగుతుందా? చేమగ్గమా, పవర్లూమా, ఎలా గుర్తుపట్టాలి? నిజాం అంచు అంటే ఏది? జాకెట్ ముక్క వస్తుందా? గంజి పెట్టాలా? డ్రెస్ మెటీరియల్ ఎన్ని మీటర్లు? జరీ నల్లబడుతుందా? జనం ఫోన్లో వెతికేవీ ఇవే ప్రశ్నలు. సైటులో మాత్రం "అద్వితీయ వారసత్వ వైభవం" అని ఉంది. అది ఎవరు వెతుకుతారు, చెప్పండి? ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ రాశాం. జవాబు బాబాయిది, చేతిరాత నాది. పేజీ శీర్షికలో ప్రశ్నే పెట్టాం. రంగుల మాట మగ్గం మీదున్న పెద్దాయన్ని అడిగి రాశాం. "మొదటిసారి విడిగా ఉతకండి, ముదురు రంగు కాస్త దిగవచ్చు" అని రాస్తుంటే బేరం పోతుందేమోనని నేను జంకాను. "ఉన్నమాట రాయి, తర్వాత తిట్టించుకోవడం కంటే నయం" అన్నారాయన.

2024 నుంచి కొన్ని ప్రశ్నలకు గూగుల్ తానే జవాబు తయారుచేసి పైన చూపిస్తోంది. చదివి అక్కడే ఆగిపోయేవాళ్లూ ఉంటారు. అయినా ధర, స్టాకు, దుకాణం దారి మాత్రం దుకాణమే చెప్పాలి.

ఊళ్లో దిగినవాళ్లకోసం ఇంకొకటి ఉంది, అదీ ఉచితమే: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. కొండ దిగినవాళ్లు 'చీరల షాపు నియర్ మీ' అని కొడితే మ్యాపులో వచ్చేది ఇదే. ఇందులో వరుసకు మూడు ఆధారాలు: అడిగినదానికి మన సరుకు సరిపోతుందా, ఎంత దూరంలో ఉన్నాం, మనకెంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ కొంతవరకు మన చేతిలోవే. వేళలు, సెలవు రోజు, ఫోన్ నంబరు, బోర్డు ఫోటో సరిగ్గా ఉండాలి. మూసిన షాపుకి ఎండలో నడిచొచ్చినవాడు ఏం రాస్తాడో ఊహించుకోండి. కొన్నవాళ్లని అభిప్రాయం రాయమని అడగవచ్చు, కొనుక్కోకూడదు. నకిలీ సమీక్షల బెడద వల్లే 2022లో మన దేశంలో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చారు. తిట్టినవారికి కూడా బాబాయి "అమ్మా, క్షమించండి, తీసుకురండి మార్చి ఇస్తాం" అని జవాబు రాయిస్తున్నారు.

మిగతావి చిన్న పనులు. ఫోన్లో తీసిన ఫోటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎం.బి. ఉన్నాయి, రెండు వందల కె.బి.కి కుదించాం. గూగుల్ ఇప్పుడు సైటును ఫోన్లో కనిపించే రూపంలోనే చదువుతుంది కనుక కంప్యూటర్లో బాగుంటే చాలదు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడితే మంచిదని వారి లెక్క. తాళం గుర్తుకు కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఊరికే ఇస్తారు. మొత్తం మీద మాకైన ఖర్చు హోస్టింగు, నోటుబుక్కు, నా బస్సు చార్జీలు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. డొమైన్ పేరు ఆ సంస్థ తన పేరు మీదే రిజిస్టరు చేసుకుంది. ఏటా వెయ్యి రూపాయల చిల్లర వ్యవహారం. కాని ఎవరి పేరు మీద ఉంటే సైటు వారి చేతిలో ఉన్నట్టే. మీ ఇంట్లో ఎవరైనా సైటు పెట్టిస్తుంటే ముందు ఈ కాగితం చూడండి. బదిలీ చేయమని నాలుగుసార్లు రాశాం, జవాబు లేదు.

ఇప్పుడు "మంగళగిరి చీర రంగు దిగుతుందా" అని కొడితే మా పేజీ నాలుగోదో ఐదోదో వస్తోంది. అది చదివి పోయిన నెల హోసూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి మూడు చీరలు తెప్పించుకున్నారు. మొదటి స్థానం ఎప్పుడొస్తుందిరా అని బాబాయి ఇంకా అడుగుతూనే ఉన్నారు. డొమైను గడువు మార్చిలో ముగుస్తుంది. ఆలోగా ఆ సంస్థ వారి ఊరికి ఇద్దరం కలిసి వెళ్లాలనుకుంటున్నాం.