కౌంటు బాగానే ఉంది, మరి ప్లేట్‌లెట్లు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి ఏడు నెలలు, 5 కిలోలు. ఏడిస్తే పెదాలు నీలంగా మారతాయి. గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ప్లేట్‌లెట్లు 2 లక్షలున్నా, దాతల్ని సిద్ధం చేసుకోమంటున్నారు. ఎందుకు?

జవాబు: డెంగీ పుణ్యమా అని మనందరికీ ప్లేట్‌లెట్ కౌంటు తెలుసు. కానీ కౌంటు ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, అవి ఎంత బాగా పనిచేస్తున్నాయో చెప్పదు. నీలంగా మారే పిల్లల్లో కౌంటు సరిపడా ఉన్నా, ఒక్కోసారి వాటి పనితనం తగ్గి ఉంటుంది.

అసలు సమస్య ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మిషన్‌తో. మీ బాబు ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి సుమారు 400 మి.లీ. మిషన్ గొట్టాలు నింపడానికే వందల మిల్లీలీటర్ల ద్రవం కావాలి. దాంతో రక్తం పలచబడుతుంది. పెద్దవాళ్లలో ఈ తేడా ఇంత ఉండదు. పైగా ప్లాస్టిక్ గొట్టాలకు తగిలిన ప్లేట్‌లెట్లు అనవసరంగా ఉత్తేజితమై, తీరా కుట్ల దగ్గర అవసరమయ్యేసరికి చతికిలబడతాయి. ఒళ్లు చల్లబరిస్తే ఇంకా మందగిస్తాయి. అందుకే మిషన్ ఆపాక రక్తం కారుతుంటే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. చాలాచోట్ల టెగ్ లాంటి పరీక్షలో గడ్డ ఎంత గట్టిగా కడుతోందో చూసి నిర్ణయిస్తారు. అవసరం లేకపోతే ఎక్కించకపోవడమే మంచిది.

ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులే నిల్వ ఉంటాయి, అదీ ఫ్రిజ్‌లో కాదు, గది వేడిమిలో కదుపుతూ. ముందే దాతల్ని అడిగేది అందుకే.

బాబుకి ఇదివరకే షంట్ (ఊపిరితిత్తులకు రక్తం అందించే చిన్న గొట్టం) వేసి, ప్లేట్‌లెట్ల పని తగ్గించే ఆస్పిరిన్ ఇస్తుంటే సొంతంగా ఆపకండి, షంట్ మూసుకుపోవచ్చు. ఎప్పుడు ఆపాలో సర్జన్ చెబుతారు. ఐబుప్రొఫెన్ కూడా ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తుంది కాబట్టి, జ్వరానికి దాన్ని డాక్టర్లనడక్కుండా వేయొద్దు.