పొద్దున్నే మొరాయించే కంప్యూటర్

గుంటూరు వైపు ఒక ఊరు. ఊరి బస్టాండు పక్కన చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆ షాపును ఒక కోడలు నడుపుతోంది. అత్త పేరు మీద పొదుపు సంఘంలో అప్పు తీసుకుని షాపు పెట్టారు. ఒక జిరాక్స్ మిషను, ఒక ప్రింటరు, ఒక వేలిముద్ర మిషను, ఒక కంప్యూటర్. అంతే సామాను. కంప్యూటర్ మాత్రం కొత్తది కాదు. ఒకరు వాడినదాన్ని కొన్నారు.

మిరపకోతల రోజులు. ఆడవాళ్ళు పొద్దున ఏడు గంటల లోపే ఆటో ఎక్కి చేలకు పోవాలి. పోతూ పోతూ షాపు దగ్గర ఆగుతారు. ఒకామె కరెంటు బిల్లు కట్టాలి. ఇంకొకామెకు పిల్లవాడి బడి కాగితం కావాలి. ఒక ముసలామె వేలిముద్ర వేసి బ్యాంకు డబ్బులు తీసుకోవాలి.

కోడలు స్విచ్ వేస్తుంది. కంప్యూటర్ గుర్రు గుర్రుమంటుంది. తెర వెలుగుతుంది. కానీ ఏది నొక్కినా పలకదు. అందరూ నిలబడి ఉంటారు. ఆటో అతను హారన్ కొడతాడు.

"సాయంత్రం వస్తాలే అమ్మాయ్" అని ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. సాయంత్రం రారు. పక్క ఊరి షాపులో పని చేయించుకుంటారు. నెల తిరిగేసరికి అప్పు వాయిదా మాత్రం తప్పకుండా వస్తుంది.

బాగుచేసే అతన్ని పిలిపించారు. అతను కనీసం మూత తీసి కూడా చూడలేదు. "ఇది ముసలిదైపోయింది. కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తదంటే మళ్ళీ అప్పే. కోడలు దిగులు పడింది.

అత్త రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి. ఆమె అన్నది, "గేదె పాలు తగ్గిస్తే వెంటనే సంతకు తోలతామా అమ్మాయ్? మేత చూస్తాం, కుడితి చూస్తాం. దూడ గానీ తాగిందేమో చూస్తాం. దీన్నీ అట్లాగే చూద్దాం."

మర్నాడు అత్త నోటుపుస్తకం తీసుకుని షాపులో కూర్చుంది. గోడ గడియారం చూస్తూ రాసింది.

6 గంటల 40 నిమిషాలు - స్విచ్ వేశాం.
6 గంటల 43 నిమిషాలు - తెర మీద బొమ్మలు వచ్చాయి.
6 గంటల 51 నిమిషాలు - బిల్లు కట్టే పేజీ తెరుచుకుంది.

మొత్తం 11 నిమిషాలు. అందులో తెర వచ్చేదాకా పట్టింది మూడే. మిగతా ఎనిమిది నిమిషాలు తెర వచ్చిన తర్వాతే పోయాయి. మరి ఆ ఎనిమిది నిమిషాలూ కంప్యూటర్ ఏం చేస్తున్నట్టు?

అది తెలియాలంటే లోపల ఏముందో కొంచెం తెలుసుకోవాలి. కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు ఉంటుంది. అది మన గాదె లాంటిది. స్విచ్ ఆపినా అందులోని సరుకు పోదు. ర్యామ్ అని ఇంకొకటి ఉంటుంది. అది వంటగట్టు లాంటిది. వండాలంటే గాదెలోని బియ్యం గట్టు మీదకు రావాలి కదా! స్విచ్ ఆపితే గట్టు ఖాళీ అయిపోతుంది. అందుకే రోజూ పొద్దున్నే కంప్యూటర్ తనకు కావలసినవన్నీ గాదెలోంచి గట్టు మీదకు మోసుకోవాలి. వంట చేసే మనిషి ప్రాసెసర్. సరుకు అందకపోతే ఆ మనిషి ఎంత చురుకైనా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఇప్పుడు వీధి కుళాయి గుర్తు చేసుకోండి. కుళాయి ఒకటే. ఇద్దరు వస్తే ఇబ్బంది లేదు. పద్నాలుగు మంది ఒకేసారి బిందెలు పెడితే? తొందర పని ఉన్న మనిషి కూడా వరసలో నిలబడాలి. ఈ కంప్యూటర్‌లో జరుగుతున్నది అదే. స్విచ్ వేయగానే ఎవరూ పిలవని ప్రోగ్రాములు కూడా లేచి కూర్చుంటున్నాయి. బిల్లు పేజీ వాటి వెనకాల నిలబడుతోంది.

ఆ బిందెలు ఎవరివో చూడటానికి దారి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే బొత్తాలు మూడూ ఒకేసారి నొక్కాలి. టాస్క్ మేనేజర్ అనే పేజీ తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ అనే మాట వెతకాలి. దాని మీద నొక్కితే పొద్దున్నే లేచే ప్రోగ్రాముల పట్టీ వస్తుంది. పేరు పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే అది తనంతట తానే లేస్తుంది. డిజేబుల్డ్ అని ఉంటే మనం పిలిస్తేనే లేస్తుంది. ఇంపాక్ట్ అనే వరసలో ఏది ఎంత ఆలస్యం చేస్తుందో కూడా ఉంటుంది. హై అంటే ఎక్కువ, లో అంటే తక్కువ.

కోడలు చదువుతుంటే అత్త తెలుగు అక్షరాల్లో రాసుకుంది. పట్టీలో పద్నాలుగు పేర్లున్నాయి. పాటలు వినే ప్రోగ్రాము ఒకటి. వీడియోలో మాట్లాడుకునేది ఒకటి. పాత యజమాని పిల్లలు ఆడుకున్న ఆట ఒకటి. ఎప్పుడో అమ్మేసిన ప్రింటరుకు సంబంధించినవి రెండు.

"ప్రింటరు పోయినా దాని చుట్టాలు పోలేదన్నమాట" అన్నది అత్త.

కోడలికి హుషారు వచ్చింది. ఒక్కొక్క పేరు మీద నొక్కి, డిజేబుల్ బొత్తం నొక్కుతూ పోయింది. పద్నాలుగూ ఆపేసింది. మర్నాడు కంప్యూటర్ త్వరగా లేచింది. కానీ ముసలామె వేలు పెడితే వేలిముద్ర మిషను వెలగలేదు! ఆ మిషనును నడిపే ప్రోగ్రాము కూడా ఆ పద్నాలుగులోనే ఉంది. ముసలామె ఆ రోజు డబ్బులు లేకుండానే వెళ్ళింది.

అదృష్టం ఏమిటంటే, డిజేబుల్ చేస్తే ప్రోగ్రాము చెరిగిపోదు. నిద్రపోతుందంతే. ఎనేబుల్ నొక్కితే మళ్ళీ లేస్తుంది. ఈసారి అత్త పద్ధతి పెట్టింది. రోజుకు ఒకటో రెండో ఆపాలి. ఆపినదాని పేరు రాసుకోవాలి. కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, అన్ని పనులూ జరుగుతున్నాయో లేదో చూడాలి. ఏమిటో తెలియని పేరును ముట్టుకోకూడదు. వేలిముద్ర మిషనుది, వైరస్ కాపలాది ఆపకూడదు.

వైరస్ కాపలా గురించి ఒక మాట. ఆ కంప్యూటర్‌లో కాలం తీరిపోయిన కాపలా ప్రోగ్రాము ఒకటి ఉంది. అది కాపలా కాయడం మానేసింది గానీ, "డబ్బు కట్టండి" అని అడగడం మానలేదు. దాన్ని పూర్తిగా తీసేశారు. విండోస్‌కు సొంత కాపలా ఉంటుంది. దాని పేరు విండోస్ సెక్యూరిటీ. అది పని చేస్తోందో లేదో చూసుకున్నారు.

వారం తర్వాత అత్త పుస్తకంలో 7 నిమిషాలు అని పడింది.

తర్వాత గాదె చూశారు. సీ డ్రైవ్ అనే చోట ఎర్ర గీత కనిపించింది. ఎర్ర గీత అంటే గాదె నిండిపోయిందని అర్థం. కంప్యూటర్ పని చేసుకుంటూ లోపల తాత్కాలికంగా ఎన్నో రాసుకుంటుంది. దానికి చోటు కావాలి. ఐదో వంతైనా ఖాళీగా ఉంటే నయం.

ఇంతకీ నిండింది దేనితో? సినిమాలు కొన్ని. మిగతా అంతా డౌన్‌లోడ్స్ అనే చోట పడి ఉన్న కాగితాలు. అవి ఎవరివి? ఊళ్ళో వాళ్ళవి! ఆధార్ కార్డులు, పాస్‌బుక్కు పేజీలు, ఫోటోలు. ఒక్కొక్కరివి నాలుగైదుసార్లు ఉన్నాయి. ప్రింటు తీసి ఇచ్చాక ఎవరూ చెరపలేదు.

అత్తకు కోపం వచ్చింది. "మన సంఘం వాళ్ళ ఆధార్ కాగితాలన్నీ ఇందులో పడేసి కూర్చున్నామా? ఎవడన్నా ఎత్తుకుపోతే?" అన్నది.

ఆమె అన్నది నిజమే. ఇది కంప్యూటర్ వేగం కంటే పెద్ద సంగతి. ఆధార్ కాగితం, బ్యాంకు కాగితం వేరేవాళ్ళ చేతికి పోతే మోసం జరగవచ్చు. షాపులో ప్రింటు తీయించుకున్న ఎవరైనా, "నా కాగితం చెరిపేశావా అమ్మా?" అని అడగవచ్చు. అడిగితే తప్పు లేదు. చెరిపింది మొదట రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలో పడుతుంది. అక్కడ కూడా ఖాళీ చేయాలి. అప్పుడే చోటు మిగులుతుంది. కోడలు ఆ రోజు నుంచి షాపు మూసే ముందు ఊడ్చినట్టే ఇదీ ఊడుస్తోంది.

కంప్యూటర్‌ను ఆపడంలో కూడా తప్పు జరుగుతోంది. రాత్రి కోడలు తొందరలో గోడ మీద స్విచ్ ఆపేసి వెళ్ళేది. రాస్తున్న మనిషి చేతిలో పుస్తకం లాక్కున్నట్టే అది. లోపలి రాతలు చెడిపోతాయి. మర్నాడు అది ఎక్కడ చెడిందో వెతుక్కుంటూ లేస్తే ఇంకా ఆలస్యం. షట్ డౌన్ అని నొక్కి, తెర నల్లబడ్డాక స్విచ్ ఆపాలి. కరెంటు పోయే ఊళ్ళలో చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.

విండోస్‌లో ఇంకో తిరకాసు ఉంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి, షట్ డౌన్ నొక్కినా చాలా కంప్యూటర్లు పూర్తిగా ఖాళీ కావు. మర్నాడు త్వరగా లేవడానికి కొంత సంగతి డిస్కులో దాచుకుంటాయి. ఏదైనా చిక్కు పడితే ఆ చిక్కు కూడా అట్లాగే మిగిలిపోతుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా దులుపుకుని కొత్తగా లేస్తుంది. వారానికి ఒకసారి రీస్టార్ట్ చేయడం మేలు.

ఇట్లా ఉండగా ఒకరోజు తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. "మీ కంప్యూటర్ నెమ్మదించింది. ఉచితంగా వేగం పెంచుతాం. ఇక్కడ నొక్కండి." కింద ఒక ఫోన్ నంబరు. కోడలు నొక్కబోయింది. అత్త చేయి పట్టుకుంది. "మన ఇంటి గేదె ఒట్టిపోయిందని దారిన పోయేవాడికెట్లా తెలుసు?" అన్నది.

ఇలాంటి వాటిని నొక్కకూడదు. ఆ నంబరుకు ఫోన్ చేయకూడదు. వాళ్ళు మన కంప్యూటర్‌ను దూరం నుంచే తమ చేతిలోకి తీసుకుంటారు. డబ్బులు లాగేస్తారు. అప్పటికే మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే ప్రభుత్వ నంబరు. ఎంత త్వరగా చేస్తే పోయిన డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇన్ని చేసినా 6 నిమిషాలు పడుతూనే ఉంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట చూశారు. పొద్దున్నే డిస్కు పక్కన 100 శాతం అని ఉంది. ర్యామ్ పక్కన సగమే ఉంది. అంటే గట్టు మీద చోటుంది. గాదె దగ్గరే ఆలస్యం. ర్యామ్ కూడా ఎప్పుడూ నిండిపోయి ఉంటే అప్పుడు ర్యామ్ పెంచుకోవాలి. వీళ్ళకు ఆ ఖర్చు అక్కర్లేదు.

పాత రకం హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతుంది. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. చిన్న చేయి ఒకటి అటూ ఇటూ కదిలి సరుకు తీస్తుంది. చేయి ఎంత పరుగెత్తినా ఒకసారి ఒకచోటే ఉండగలదు. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కులో తిరిగేది ఏదీ లేదు. అందుకే చాలా త్వరగా అందిస్తుంది. పాత కంప్యూటర్‌కు దీన్ని పెడితే వచ్చే తేడా మరి దేనితోనూ రాదు. ఖర్చు కొత్త కంప్యూటర్ ధరలో చిన్న భాగమే.

అత్తాకోడళ్ళు ఈసారి రెండు షాపుల్లో ధర అడిగారు. బిల్లు కావాలన్నారు. ముందు అవసరమైన లెక్కలన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. ఇంకో ప్రశ్న కూడా అడిగారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. కంప్యూటర్ ఆగిపోదు గానీ, కొత్త దొంగదారులకు తలుపులు వేసేవాళ్ళుండరు. డబ్బు పని చేసే షాపుకు అది మంచిది కాదు. "మాది విండోస్ 11కు పనికొస్తుందా?" అని అడిగారు. పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాముతో చూస్తే పనికొస్తుందని తేలింది. పనికిరాదని తేలి ఉంటే, కొత్తది కొనమన్న మొదటి అతని మాటలో సగం నిజం ఉన్నట్టే. అయినా మూత తీసి చూసి చెప్పవలసింది.

కొత్త డిస్కు పెట్టారు. పాతదానిలోది అందులోకి ఎక్కించారు. విండోస్ 11 వేశారు. మర్నాడు అత్త గడియారం చూసి రాసుకుంది.

6 గంటల 40 నిమిషాలు - స్విచ్ వేశాం.
6 గంటల 41 నిమిషాలు - పేజీ వచ్చింది.

ఆటో వచ్చేలోపు నలుగురి పని అయింది. ముసలామె వేలిముద్ర వేసి, డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని ఆటో ఎక్కింది.

డిస్కు బిగించిన అతను, "పాతది ఇక్కడే ఉంచండి, మీకెందుకు?" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. అది ఇప్పుడు ఆమె ట్రంకుపెట్టెలో, సంఘం పుస్తకం కింద ఉంది. ఊళ్ళో వాళ్ళ కాగితాలు అందులో ఉన్నాయి కదా! తన కళ్ళ ముందే మొత్తం చెరిపేదాకా ఎవరికీ ఇవ్వనంది.