పడుకున్నా తీరని అలసట – పేగుల్లోని సూక్ష్మజీవులు

ఈ నెల సైన్సు పేజీ నాకు ఇచ్చారు.

మన డార్మిటరీలో ఒక అమ్మాయిని మనమంతా నిద్రమొద్దు అని పిలిచాం. నేను కూడా పిలిచాను. పొద్దున పి.టి.కి లేచేది కాదు, స్టడీ అవర్‌లో తల వాల్చేసేది. తర్వాత రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7 ఉందని తేలింది. మన వయసు ఆడపిల్లలకు 12 అయినా ఉండాలి. ఆ రోజు నేను సైన్సు సారును అడిగాను: రక్తం సరిగానే ఉండి కూడా ఇలా అలసిపోయేవాళ్ళు ఉంటారా సార్ అని. ఉంటారమ్మా అని సారు చాలా సంగతులు చెప్పారు. అవే రాస్తున్నాను.

ఆ జబ్బు పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. తెలుగులో దీర్ఘకాలిక అలసట జబ్బు అనొచ్చు. మనం కట్టెలు మోసినా, నాట్లు వేసినా అలసిపోతాం, రాత్రి పడుకుంటే పొద్దుటికి పోతుంది. వీళ్ళకు పోదు. ఆరు నెలలు దాటినా ఉంటుంది. నిద్ర లేచినా నిద్రపోయినట్టే ఉండదు. చదివింది తలకెక్కదు. కొందరికి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అన్నిటికంటే వింత ఏంటంటే, ఈ రోజు కాస్త పని చేస్తే రేపో ఎల్లుండో మనిషి పూర్తిగా కూలబడిపోతుంది. ఇదే జబ్బు అని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే చూసేవాళ్ళకు బద్ధకం లాగా కనబడుతుంది.

1955లో లండన్‌లో రాయల్ ఫ్రీ అనే ఆస్పత్రిలో నర్సులు, డాక్టర్లు, పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడ్డారు. మొత్తం 292 మంది సిబ్బంది! జూలై 25 నుండి అక్టోబరు 5 దాకా ఆస్పత్రినే మూసేశారు. మందులిచ్చేవాళ్ళే మంచాన పడ్డారన్నమాట. కొందరు ఏళ్ళ తరబడి కోలుకోలేదు. ఈ జబ్బుకు ఎం.ఇ. అని ఇంకో పేరు ఉంది, అది ఆ రోజుల్లో వచ్చిందే. తర్వాత 1970లో ఇద్దరు మానసిక వైద్యులు పాత కాగితాలు చదివి, ఇది ఒట్టి హిస్టీరియా, జబ్బుపడ్డవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ కదా అని రాశారు. ఆ రోగుల్లో ఒక్కరినైనా పిలిచి చూడలేదు. అది విని నాకు కోపం వచ్చింది. తర్వాత నిద్రమొద్దు అన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక పేగుల సంగతి. ఈ జబ్బున్న చాలామందికి కడుపు ఉబ్బరం, నొప్పి కూడా ఉంటాయి. అందుకని శాస్త్రవేత్తలు పేగుల్లో వెతికారు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు. అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములే! ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. దసరా సెలవుల్లో ఇది చెబితే మా నాయన "అన్ని పురుగులా, చంపే మాత్ర లేదా" అన్నాడు. నాయనా, అవి నులిపురుగులు కావు, కంటికి కనబడవు, చాలా వరకు మనకు మేలు చేసేవే అని చెప్పాను. స్కూల్లో నమిలి మింగమని ఇచ్చే మాత్ర నులిపురుగులకు. ఈ బాక్టీరియాను చంపేవి యాంటీబయాటిక్ మందులు. అందుకే వాటిని ఊరికే మింగకూడదు.

మేలు ఎలాగంటే, పెంటకుప్ప గుర్తు తెచ్చుకోండి. ఆకులు, పేడ వేస్తే కొన్నాళ్ళకు ఎరువు అవుతుంది. ఆ పని చేసేది సూక్ష్మజీవులే. ఆకుకూరలు, చిక్కుళ్ళు, రాగుల్లో ఉండే పీచును మన కడుపు అరిగించలేదు. అది పెద్దపేగుకు పోతే అక్కడి బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం చేస్తాయి. ఆ పేరు వెన్న అనే మాటలోంచి వచ్చింది. మక్కిన నెయ్యి వాసన ఆ జాతిదే. పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన తిండి ఈ బ్యుటిరేటే. అది తగ్గితే ఆ పొర నీరసిస్తుంది.

2016లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీవాళ్ళు 48 మంది రోగుల మలం, 39 మంది ఆరోగ్యవంతుల మలం పరీక్షించారు. (నవ్వకండి, మలంలోనే తెలుస్తుంది.) రోగుల్లో బాక్టీరియా రకాలు తక్కువగా ఉన్నాయి. 2023లో కొలంబియా యూనివర్సిటీవాళ్ళు 106 మంది రోగులను, 91 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. రోగుల్లో బ్యుటిరేట్ చేసే బాక్టీరియా తగ్గిపోయాయి. వాటిలో ఫీకాలిబాక్టీరియం అనే దాని పేరు నేను నాలుగుసార్లు తప్పు రాశాను. అది ఎంత తక్కువ ఉంటే అలసట అంత ఎక్కువ ఉందట. అదే ఏడాది జాక్సన్ లాబొరేటరీవాళ్ళు కూడా చూశారు. జబ్బు వచ్చి నాలుగేళ్ళు నిండనివాళ్ళలో ఈ తేడా బాగా కనబడింది. పదేళ్ళు దాటినవాళ్ళలో బాక్టీరియా మళ్ళీ మామూలుకు దగ్గరగా వచ్చాయి, కాని జబ్బు మాత్రం పోలేదు!

మరి బాక్టీరియా తగ్గి జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి బాక్టీరియా తగ్గాయా? చెరువులో చేపలు చచ్చి తేలితే, నీళ్ళు పాడై చేపలు చచ్చాయా, చేపలు చచ్చి నీళ్ళు పాడయ్యాయా అని గట్టు మీద నిలబడి చెప్పలేం కదా. జబ్బుమనిషి మంచం మీదే ఉంటుంది, తిండి మారుతుంది, మందులు మింగుతుంది. వాటివల్ల కూడా బాక్టీరియా మారొచ్చు. పేగు బాక్టీరియాను సరిచేస్తే ఈ జబ్బు పోతుందని ఇంకా రుజువు కాలేదు. సంతలో ఎవరైనా అలా చెప్పి పొడి అమ్మితే కొనొద్దని ఇంట్లో చెప్పండి.

ఇంగ్లండులో వైద్యానికి నియమాలు రాసే నైస్ అనే సంస్థ ఉంది. ఈ రోగుల చేత రోజురోజుకీ వ్యాయామం పెంచుతూ చేయించాలని అది 2007లో రాసింది. చాలామంది రోగులు మాకు ఇంకా ఎక్కువైంది మొర్రో అన్నారు. 2021లో ఆ మాట తీసేసి, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకే పని చేయాలని రాశారు. దీపంలో నూనె కొంచెమే ఉంటే వత్తి తగ్గించి పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట.

కాని మనలో ఎవరికైనా అలసట తగ్గకపోతే ముందు చూడాల్సింది రక్తం. ఏ.ఎన్.ఎం. అక్క దగ్గరికి వెళ్ళండి, సిగ్గుపడొద్దు. ఈ పేజీ అంటించే ముందు పి.టి. సారుకు చూపించాను. నిలబడి మొత్తం చదివి, "ఆ అమ్మాయి మాత్రలు వేసుకుంటోందా?" అని అడిగారు. వేసుకుంటోంది సార్ అన్నాను.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని