చర్మము – ఎముక: వీటి బంధుత్వము

గురుకులంలో సుశ్రుత సంహిత శారీరస్థానాన్ని వల్లించే రోజుల్లో చర్మానికి ఏడు పొరలనీ, ఎముకలు మూడు వందలనీ నేర్చుకున్నాను. చరకుడు చర్మానికి ఆరు పొరలు, ఎముకలు 360 అన్నాడు. చరకుడు గోళ్లనూ ఎముకలలో చేర్చి లెక్కించడం ఈ తేడాకు ఒక కారణం. నేటి శాస్త్రం ప్రకారం పెద్దవారిలో ఎముకలు 206. చర్మంలో పైన బాహ్యచర్మం, దాని కింద రక్తనాళాలు, నాడులు, స్వేదగ్రంథులు గల అంతశ్చర్మం, అడుగున కొవ్వు పొర ఉంటాయి.

ఎముక ఎండుకట్టె వంటిది కాదు. అది జీవంతో కూడిన ధాతువు. నిత్యం కొంత అరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఆ కట్టుబడికి కాల్షియం కావాలి. తిన్న కాల్షియం పేగుల నుండి రక్తంలోకి చక్కగా చేరాలంటే విటమిన్ డి ఉండాలి. ఎండ తగిలినప్పుడు దానిని తయారు చేసేది చర్మమే. పిదప కాలేయం, మూత్రపిండాలు దానిని పనికివచ్చే రూపానికి తెస్తాయి.

ఈ సంగతి చదివి కూడా ఒకసారి మరచిపోయాను. జగిత్యాలలోని నా వైద్యశాలకు కోరుట్ల నుండి బీడీలు చుట్టే తల్లి ఒకామె వచ్చింది. నడుము, తొడలు నొప్పి. కింద కూర్చుంటే లేవలేదు. వాతమని నిర్ణయించి తైలాభ్యంగనం చెప్పాను. మూడు నెలలైనా గుణం కనబడలేదు. అప్పుడడిగాను: “ఎండకు ఎప్పుడు పోతవు బిడ్డా?”

“ఎండ యాడిది అయ్యా? పొద్దు పొడిచినకాంచి పొద్దుగూకేదాక ఒళ్లె చాటనే” అన్నది.

రక్తపరీక్షలో విటమిన్ డి బహు స్వల్పంగా ఉన్నది. ఎముకలు మెత్తబడినవి. ఆధునిక వైద్యుని చికిత్సతో కొన్ని నెలలకు ఆమె కోలుకున్నది. మూడు నెలలు తైలం పూయించాను గాని, ఆ చర్మం ఎండ చూసి ఎన్నాళ్లయిందని అడగలేదు. ఆ తప్పు నాది. సిరిసిల్ల సాంచాల షెడ్లలో రోజంతా నిలబడే నేతన్నలను, ఇంటి పట్టునే ఉండే గృహిణులను, వృద్ధులను కూడా ఇప్పుడు ముందుగా ఈ ప్రశ్నే అడుగుతున్నాను.

పాఠకులు గమనించవలసినవి:

వారంలో కొన్ని రోజులైనా ముఖానికి, చేతులకు పదిహేను, ఇరవై నిమిషాలు ఎండ తగలనివ్వండి. చామనఛాయ, నలుపు మేనివారికి మరికొంత సేపు కావాలి. తెల్లవారుజామున వచ్చే లేత ఎండ ఇందుకు చాలదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ అసలే పనికిరాదు. వేసవిలో మాత్రం వడదెబ్బ తగలకుండా పది గంటలలోపే ముగించండి.

పాలు, పెరుగు, నువ్వులు, రాగులు (మన వైపు తైదలు) ఆహారంలో ఉండాలి.

నువ్వుల నూనె మర్దన చర్మానికి మృదుత్వాన్ని, బిగిసిన కండరాలకు హాయిని ఇస్తుంది. ఎముకలోని లోటును మాత్రం పూడ్చదు.

విటమిన్ డి మందులను సొంతంగా వాడరాదు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి. ఎముకల నొప్పి వారాల తరబడి తగ్గకుంటే నూనెతో కాలయాపన చేయక వైద్యుని చేత పరీక్ష చేయించుకోండి.