వాగు నీళ్లకూ చట్టం ఉంది

వాగులో నీళ్లు ఎవరివి? బావిలో నీళ్లు ఎవరివి? ఆ నీళ్లలో ఫ్యాక్టరీ వాళ్లు విషం కలిపితే అడిగే దిక్కు ఉందా?

ఉంది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. నదిలో గాని, వాగులో గాని, బావిలో గాని తెలిసి విషం కలపకూడదు. పైన పారే నీళ్లే కాదు, భూమి లోపలి నీళ్లు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. చెడు నీళ్లు బయటికి వదిలే ఫ్యాక్టరీ ముందుగా కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి తీసుకోవాలి.

చట్టం వచ్చింది గదా అని విషం ఆగలేదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ఉంది. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి నీళ్లు నక్కవాగులో పడ్డాయి. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. వాగు చెడింది. చుట్టుపక్కల బోర్లు, బావులు చెడ్డాయి. ఆ నీళ్లు పారిన పొలాలు పంటకు పనికి రాకుండా పోయాయి. అక్కడ వైద్యం చేసే డాక్టరు కిషన్‌రావు ఊళ్ల జనంతో కలిసి ఏళ్ల తరబడి పోరాడారు.

1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని, ఊళ్లకు మంచినీళ్లు అందించాలని కోర్టు చెప్పింది. మంచి మాటే. కాని కేసు అంతటితో అయిపోలేదు. 2001లో హైకోర్టుకు వచ్చింది. ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. కేసు తేలేదాకా పశువులు దాహం ఆపుకుంటాయా? అందుకే నీళ్ల రంగు మారిన మొదటి రోజుల్లోనే అడగాలి.

ఎట్లా అడగాలి? చాలామంది సీసాలో నీళ్లు పట్టుకుని ఆఫీసుకు పోతారు. చూపించడానికి పనికొస్తుంది. కాని ఈ చట్టం కింద కేసు నిలబడాలంటే ఆ సీసా చాలదు. బోర్డు అధికారే వచ్చి, ఫ్యాక్టరీ వాళ్లకు చెప్పి, వాళ్ల ఎదుట ఆ నీళ్లు పట్టాలి. రెండు భాగాలు చేయాలి. సీలు వేయాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పుడు పరీక్షకు పంపాలి.

కాబట్టి "మీరే వచ్చి నీళ్లు పట్టండి" అని బోర్డుకు అర్జీ రాయాలి. ఏ వాగు, ఏ రోజు, నీళ్ల రంగు ఏమిటి, వాసన ఎట్లా ఉంది, అన్నీ రాయాలి. ఏ వేళ అన్నది మాత్రం మరవకూడదు. రాత్రిపూట వదిలే నీళ్లు పగలు వచ్చిన అధికారికి కనపడవు.

కింద అందరూ పేర్లు రాయాలి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన అక్కలు ఈసారి సంతకమే పెట్టాలి. అర్జీ నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. దాని మీద అందినట్టు తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదలకూడదు.